పెరటిబడి: పిల్లలచే చేయింపదగిన మొక్కల పరీక్షలు

సేద్యము చేయువారి యింట పుట్టిన బిడ్డ బడిలో అక్షరములు దిద్దుటకు ముందే కొంత విద్య సంపాదించుకొనుచుండెడిది. వరికిని ఊదకును గల భేదము, పశువు ముట్టని ఆకు, చీమలు గ్రుడ్లను మోసికొని పోవునపుడు గ్రహింపవలసిన సంగతి, ఇవి యెవ్వరును కూర్చుండబెట్టి చెప్పినవి కావు. చేనివెంట నడచుటచే వచ్చినవి. సికిందరాబాదునకు ఉత్తరమున, కరీంనగరము బాటమీదనున్న అల్వాల్ వంటి యూళ్లలో ఈ విద్య తరుగుచున్నది. 2007లో అల్వాల్ హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. చేలు ఇండ్ల స్థలములైనవి. తాత విత్తిన చలకమీద లేచిన మేడలో, మూడవ అంతస్తునుండి మనుమడు వానను చూచుచున్నాడు. ఊరికి దూరముగా కొంత పొలము మిగిలియున్న వారి బిడ్డలకును చేనిలో గడపు గంటలు తగ్గినవి.

2020 మార్చిలో మహమ్మారి కారణమున బడులు మూతపడినపుడు ఈ లోటు బయల్పడెను. చిన్న తరగతుల పిల్లలకు మరల బడి తలుపులు తెరచినది 2021 సెప్టెంబరులో. ఆ యేడాదిన్నర కాలము తల్లిదండ్రులే ఉపాధ్యాయులు కావలసివచ్చెను. ఫోనులో పాఠము వినుట, విన్నదానిని వ్రాయుట, ఇంతకు మించి యేమి చేయింపవలెనో తోచక పలువురు చిక్కుపడిరి. వాకిట మన్నును, గాదెలో విత్తనమును, ఆకాశమునుండి వానయు నుండగా పాఠమునకు పరికరములు లేవనుకొనుట సేద్యగాండ్రకు తగదు. బడులు తెరచిన పిమ్మట కూడ కొందరు ఇంటిచదువునే సాగించుచున్నారు. తక్కినవారికి సాయంకాలములును సెలవు దినములును కలవు. ఇరువురికిని పనికివచ్చు కొన్ని పరీక్షలను ఇచ్చట తెలుపుచున్నాము. వీనివలన బిడ్డకు అలవడవలసిన ముఖ్యగుణ మొకటి కలదు. ఎవరేది చెప్పినను, "దేనితో పోల్చి చూచితిరి?" అని యడుగుట. ఎరువుల అంగడిలోను విత్తనముల అంగడిలోను మన డబ్బును కాపాడునదియు ఆ ప్రశ్నయే.

ఈ తలంపు క్రొత్తది కాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున 1891 మొదలు 1893 వరకు వ్యవసాయము మిక్కిలి దెబ్బతిని, పల్లెల యువకులు పట్నములకు వలసపోజొచ్చిరి. దానికి విరుగుడుగా కార్నెల్ విశ్వవిద్యాలయమువారు పల్లెబడులలో ప్రకృతి పరిశీలన మను పాఠమును ప్రోత్సహించి, ఉపాధ్యాయులకై చిన్న చిన్న కరపత్రములు అచ్చువేయించి పంపిరి. లిబర్టీ హైడ్ బెయిలీ యను తోటల శాస్త్రజ్ఞుడును, అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ అను విదుషియు ఈ కార్యమునకు పెద్దలు. ఆమె ఉపాధ్యాయులకై వ్రాసిన గ్రంథము 1911లో వెలువడినది. ఇంటిచదువు చెప్పు తల్లులు నేటికిని దానిని వాడుచున్నారు. వారి పాఠములచే వలసలు ఆగినవా యనిన, ఆగలేదు. పట్నము పిలిచినపుడు పిల్లలు పోయిరి. కాని పోయినవారికిని నిలిచినవారికిని చెట్టును చూచు కన్ను మిగిలినది.

మన దేశమున జగదీశ చంద్ర బోసు కథ ఇంతకన్న దగ్గరగా తోచును. 1858లో జన్మించిన ఆయనను తండ్రి ఆంగ్లపాఠశాలకు బదులు మాతృభాషాపాఠశాలకు పంపెను. అచ్చట తనకు ఒక ప్రక్కన తండ్రిగారి బంట్రోతు కొడుకును, మరియొక ప్రక్కన జాలరి కొడుకును కూర్చుండిరనియు, వారు చెప్పిన పక్షుల కథలు, జలచరముల కథలు తనకు ప్రకృతిని శోధించు కోరికను పుట్టించినవనియు బోసు తరువాత చెప్పుకొనెను. మొక్కల చలనములను కొలుచుటకు లోకము మెచ్చిన యంత్రములను నిర్మించిన మహానుభావునకు తొలిగురువులు పాలికాపుల, జాలరుల బిడ్డలన్నమాట.

ఇక పరీక్షలు. మొదటిది విత్తనమును గూర్చినది. దీనికి దమ్మిడీ ఖర్చులేదు, దీనివలన ఒక పంటకాలము దక్కవచ్చును. విత్తుటకు పదునైదు దినములు ముందుగా, సంచిలో పైనుండి యొక పిడికెడు, నడుమనుండి యొక పిడికెడు, అడుగునుండి యొక పిడికెడు తీసి కలిపి, అందులో నూరు గింజలను బిడ్డచే లెక్కింపజేయవలెను. బిడ్డ సహజముగా నిండైన గింజలనే ఏరును. ఏరవలదనియు, చేతికి వచ్చినదానినే తీయవలెననియు చెప్పవలెను. ఎందుకని అడిగినపుడు, "చేనిలో చల్లునపుడు ఏరి చల్లుదుమా?" అనిన చాలును. తడిపి పిండిన గోనెపట్టమీద వరుసకు పది చొప్పున పది వరుసలు పేర్చి, పైన మరియొక తడిబట్ట కప్పి, మెల్లగా చాపవలె చుట్టి, నీడలో నుంచవలెను. ఉదయము, సాయంత్రము నీరు చిలుకరించుట బిడ్డ పని. పెసలు నాలుగైదు దినములలో సంగతి తేల్చును. వరి వారము దినములలో చాలవరకు తేలునుగాని, ప్రయోగశాలలలో 14 దినముల వరకు కనిపెట్టుదురు. వేరును మొలకయు రెండును సరిగా వచ్చినదానినే మొలచినట్లు ఎంచవలెను. వేరు లేక వంకరబోయినవి, బూజుపట్టినవి వేరొక కుప్ప.

నూటికి ఎన్ని మొలచెనో అదియే మొలకశాతము. శాతమనగా నేమో ఎక్కముల పుస్తకముకన్న ఈ గోనెపట్ట త్వరగా బోధించును. మన దేశమున 1966లో విత్తనముల చట్టము చేయబడినది. ధ్రువీకరింపబడిన విత్తనమునకు ఉండవలసిన కనీసపు మొలకశాతము వరికి 80, కందికిని పెసరకును 75, వేరుసెనగకు 70. ఈ అంకెలను బిడ్డచే గోడమీద బొగ్గుతో వ్రాయింపవచ్చును. ఎకరమునకు 25 కిలోల వరివిత్తనము వాడు ఇంట, నూటికి 80 మొలచుటకు మారుగా 60 మాత్రమే మొలచినచో, అదే సంఖ్యగల నారునకు 33 కిలోలకు పైగా కావలయును. ఇది త్రైరాశికము. అయినను గింజ పెంచి సరిపెట్టుకొనుట మా సలహా కాదు. మొలక తగ్గిన విత్తనమున మొలచినవియు బలహీనముగా నుండుట కలదు. సంచి చీటీని, రసీదును, పిడికెడు విత్తనమును దాచియుంచి, విత్తక మునుపే అమ్మినవారికి చూపవలెను. విత్తిన పిమ్మట చేసిన ఫిర్యాదునకు వాననో, నేలనో, రైతునో తప్పుపట్టుట సులభము. విత్తక మునుపు పదేండ్ల బాలిక చుట్టిచూపిన గోనెపట్టకు జవాబు చెప్పుట అంత సులభము కాదు.

ఒక్క హెచ్చరిక. కోసిన వెంటనే కొన్ని వరిరకముల గింజ కొన్ని వారములు నిద్రలో నుండును. అప్పుడు చేసిన పరీక్షలో మొలక తగ్గినంతమాత్రమున విత్తనము చెడినదని తీర్మానింపరాదు. బిడ్డచే నెల గడచిన పిమ్మట మరల చేయించి, రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాయింపవలెను.

రెండవది కుండీల పరీక్ష. దీనికి ఒకే నియమము కలదు: రెండు కుండీలు, ఒకటే మార్పు. అదే మన్ను, అదే గింజ, అంతే నీరు. ఒకటి ఎండలో, ఒకటి చీకటిగదిలో. పిల్లలకు ఈ నియమము రుచింపదు. చీకటి కుండీకి నీరు కూడ మానివేయుదురు, లేదా జాలిపడి రెండింతలు పోయుదురు. అటులైన మొక్క చచ్చినది చీకటిచేతనో దాహముచేతనో తెలియదు. ఈ చిక్కును బిడ్డ తానుగా ఎదుర్కొనుటయే మేలు. క్రొత్త మందు చల్లి, అదే యేట క్రొత్త విత్తనము వేసి, అదే యేట మంచి వాన పడి, మందువలన పండినదని నమ్మిన పెద్దలు ప్రతి యూర నున్నారు.

పది దినముల పిమ్మట తమాషా జరుగును. చీకటిలోని పెసరమొక్క ఎండలోని దానికన్న పొడవుగా సాగియుండును.

"తాతా, చీకటిదే గెలిచినది, జానెడు పొడవున్నది" అని బిడ్డ పరుగెత్తుకొని వచ్చును.

"తెల్లబోయి యున్నదేమి బిడ్డా? మన్ను కడిగి, ఎండబెట్టి, తూచి చూడు" అనవలెను.

ఒక్క మొక్క తూకమునకు అందదు. నూరేసి మొక్కలు కావలయును. కంసాలివద్దనున్న త్రాసు దొరకిన మంచిదే. చీకటిలో పెరిగిన నూరు మొక్కలు ఎండిన పిమ్మట, అవి పుట్టిన నూరు గింజలకన్న తక్కువ తూగును. పొడవు సాగినది నిజమే. కాని అది గింజలోని మూలధనమును తిని సాగిన పొడవు. కొత్త సంపాదన లేదు. వెలుతురులోని ఆకు మాత్రమే గాలినుండి సంపాదింపగలదు. ఒత్తుగా పోసిన నారుమడిలో నీడకు నిక్కిన నారు ఏల పలుచగా నుండునో ఇందువలన తెలియును.

ఆకు గాలిని తినునను సంగతి తెలియుటకు లోకమునకు నూరేండ్లకు పైగా పట్టెను. ఫాన్ హెల్మాంటు అను శాస్త్రజ్ఞుడు 200 పౌనుల ఎండుమన్ను తొట్టిలో పోసి, 5 పౌనుల విల్లో చెట్టు మొక్కను నాటి, ఐదేండ్లు వాననీటితో పెంచెను. చెట్టు 169 పౌనుల 3 ఔన్సులు తూగెను. మన్ను తగ్గినది సుమారు 2 ఔన్సులు. చెట్టంతయు నీటినుండియే వచ్చినదని ఆయన తీర్మానించెను. ఈ సంగతి ఆయన మరణానంతరము 1648లో అచ్చయినది. 1771లో ప్రీస్ట్లీ, దీపము ఆరిపోయిన గాజుపాత్రలోని చెడుగాలిని పుదీనామొక్క బాగుచేయునని కనుగొనెను. ఆ పని వెలుతురులోనే జరుగునని 1779లో ఇంగెన్‌హౌజ్ తేల్చెను. ఆకు పీల్చునది బొగ్గుపులుసు వాయువనియు, విడుచునది ప్రాణవాయువనియు నేడు చిన్న తరగతుల పుస్తకములలోనే యున్నది. పుస్తకమున చదివి కంఠస్థము చేసిన బిడ్డకును, త్రాసు ముందు కూర్చుండి ఆశ్చర్యపడిన బిడ్డకును భేదము కలదు. హెల్మాంటు తూకము సరియైనది, తీర్మానము సగమే సరియైనది. దీనిని కూడ బిడ్డకు తప్పక చెప్పవలెను. తూచినవాడును పొరపడవచ్చును.

మూడవది నేల. అల్వాల్ ప్రాంతపు నేలలు రాతినేలమీద ఏర్పడిన ఎర్ర చలకలు. గాజుసీసాలో గుప్పెడు చలకమన్ను, నిండుగా నీరు పోసి కుదిపి పెట్టిన, ఇసుక నిమిషములో అడుగున చేరును. ఒండ్రు కొన్ని గంటలు తీసికొనును. బంక మరునాటికిని నీటిని మురికిగానే యుంచును. రేగడిమన్నుతో నిదే చేసిన, పొరల మందము తారుమారగును. చలక ఏల త్వరగా ఆరునో వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత రెండు కుండీలు: ఒకదానిలో వట్టి చలక, రెండవదానిలో మూడు వంతుల చలకకు ఒక వంతు చెరువు పూడికమన్ను. రెంట ఇరువదేసి మెంతులు విత్తి, మూడు వారములు సమముగా నీరుపోసి, ఒక దినమున నీరు పూర్తిగా మానివేయవలెను. ఏ కుండీ ముందు వాడునో, ఎన్ని దినములు ముందో వ్రాయింపవలెను. 2015లో మిషన్ కాకతీయ మొదలైనపుడు చెరువుల పూడికమన్ను చేలకు తోలుకొమ్మని ఏల చెప్పిరో ఆ కుండీలు చెప్పును.

పట్నము మురుగు చేరిన చెరువు సంగతి వేరు. దాని మన్నును తినెడి కూరమొక్కలకు వాడరాదు. దాని నీటిని పెద్దవారే తెచ్చి, మూడు పళ్లెములలో తడిబట్టలమీద ఇరువదియైదేసి మెంతులు పరచి, ఒకదానికి వాననీరు, ఒకదానికి బోరునీరు, ఒకదానికి ఆ చెరువునీరు పోయింప వచ్చును. ఐదవ దినమున వేళ్లను కొలబద్దతో కొలిచి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మురుగునీట నత్రజని యుండుటచే ఒక్కొక్కప్పుడు మొక్క ఏపుగా పెరుగును. హైదరాబాదు దిగువన మూసీ మురుగునీటిపై పశుగ్రాసము దట్టముగ పెరుగుట అందరెరిగినదే. పచ్చదనము వేరు, తినదగుట వేరు. ఈ పరీక్షకు ఆ రెండవ సంగతి అందదనియు బిడ్డకు తెలుపవలెను.

వానను కొలుచుటకు మూతియు అడుగును సమముగానున్న డబ్బా యొకటి, కొలబద్ద యొకటి చాలును. గోడలకు, చెట్లకు దూరముగ నుంచి ప్రతి యుదయము ఒకే వేళకు చూడవలెను. ఒక మిల్లీమీటరు వాన ఎకరముమీద పడిన, నీరు సుమారు 4,047 లీటర్లు. హైదరాబాదు ప్రాంతమున ఏడాది సగటు వర్షపాతము సుమారు 800 మిల్లీమీటర్లు. 2020 అక్టోబరు 13న మొదలైన కుండపోత వానకు నగరమున 24 గంటలలో 190 మిల్లీమీటర్లకు పైగా కురిసెను. ఏడాది వానలో నాలుగవ వంతునకు దగ్గర. ఎకరమునకు ఏడున్నర లక్షల లీటర్లకు మించిన నీరు! ఆ నీరు ఎచ్చటికి పోవలసినది, ఎచ్చటికి పోయినది అని బిడ్డ యడిగిన, పూడ్చిన కుంటలను గూర్చి పెద్దలు కొంత జవాబు చెప్పుకొనవలసివచ్చును.

ఈ పరిశీలనములనన్నిటిని నెలలవారీగా గాక కార్తెలవారీగా వ్రాయించుట మా కిష్టము. కార్తెలు 27; ఒక్కొక్కటి పదమూడు, పదునాలుగు దినములు. బిడ్డ ఓపికకు ఇది సరియైన కొలత. మృగశిరలో మొదటి వానకు మొలచిన గడ్డి, ఆరుద్రలో ఎర్రమకమలువలె ప్రాకు ఆరుద్రపురుగు, ఏ దినమున కనబడినవో వ్రాయుట రెండు పంక్తుల పని. అల్వాల్‌కు కూతవేటు దూరముననున్న బొల్లారములో రాష్ట్రపతి నిలయమును 2023 మార్చినుండి ఏడాది పొడవున జనులు చూడవచ్చును. అందులో మందుమొక్కల తోటయు, నక్షత్రమునకు ఒక్కొక్క చెట్టు చొప్పున నాటిన నక్షత్ర వాటికయు కలవు. కార్తెల పుస్తకము వ్రాయు బిడ్డకు అంతకన్న మంచి విహారము దొరకదు. ఇక బతుకమ్మ. గునుగు, తంగేడు, కట్ల, బంతి అని ఏరి పేర్చుటకై ఆడుబిడ్డలు చేలగట్లు తిరిగిన దినములలో అది తొమ్మిది దినముల వృక్షశాస్త్రము. బజారులో కట్టగా కొన్నపుడు పండుగ యుండును, పాఠ ముండదు. ఈ యేడు ఒక్క గునుగునైనను మొలచిన చోటనే బిడ్డకు చూపవలెను. ఏ పైరులో మొలచినది, ప్రక్కన నేమున్నది, ఎన్ని దినములు పూచినది?

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి. సేద్యగాని యింట ఇంటిచదువు అను మాట ప్రమాదకరము కూడ. నడిగడ్డలోను, కర్నూలు ప్రాంతమునను సంకర పత్తివిత్తనపు చేలలో ఆడపిల్లలు సాయంత్రము మొగ్గలనుండి కేసరములు తీసివేసి, మరునాటి యుదయము వేరొక పూవు పుప్పొడిని అద్దు పనిలో బడి మానియుండిరి. పూవు శాస్త్రమంతయు వారి వ్రేళ్లకు తెలియును. ఏల చేయుచున్నారో ఎవ్వరును చెప్పలేదు, పుస్తకము చేతికి రాలేదు. అది ప్రకృతి పరిశీలనము కాదు, కూలి. సికిందరాబాదు కేంద్రముగా 1981లో నెలకొన్న మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు ఇట్టి బిడ్డలను పనినుండి విడిపించి బడికి చేర్చుటకు పాటుపడిరి. ఆ సంస్థకు నాయకురాలైన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయే యని వారి పట్టు. ఇంటిచదువును కోరు చదువరులకు ఈ మాట కఠినముగ తోచవచ్చును. మా యూళ్ల సంగతి యెరిగిన మాకు అది చాలవరకు నిజమని తోచును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చి, 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత విద్యను హక్కు చేసినది. కాబట్టి బడి చేరువలోనున్నచోట పెరటిబడి సాయంకాలమునకే యుండవలెను. మిక్కిలి తప్పనిసరియై ఇంటనే చదివించువారు, 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 ఏండ్లు నిండిన పిమ్మట పదవ తరగతి పరీక్షకు పంపవచ్చును. రోజునకు రెండు గంటలు తీరుబడిగా బిడ్డ ప్రక్కన కూర్చుండగల పెద్ద యొకరు ఆ యింట లేనిచో, దానికి పూనుకొనకుండుటయే మంచిది. పరీక్ష యేదైనను అరగంటకు మించరాదు. కలుపు తీయించుట దానిలో చేరదు.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించును. గోనెపట్ట తడుపుటకు మే నెల మూడవ వారము తగిన సమయము. నూరు పుటల రూళ్లపుస్తక మొకటి కొని, పుటకు నాలుగు గళ్లు గీయింపవలెను: తేది, కార్తె, కంటికి కనబడినది, పెద్దలు చెప్పినది. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదని తాత చెప్పును. దానిని నాలుగవ గడిలో వ్రాయించి, ఆ పదునాలుగు దినములలో డబ్బాలో పడిన మిల్లీమీటర్లను మూడవ గడిలో వ్రాయింపవలెను. ఆ యేటి గాదె నిండినదో లేదో సంక్రాంతినాడు అదే పుటలో అడుగున వ్రాయుటకు రెండు పంక్తుల చోటు వదలవలెను.